గోష్ఠికి చోటు – చోటుకు చందా

పదిమంది కూడి పాడుకొనుటకు గాని, చదువుకొనుటకు గాని, చదరంగ మాడుకొనుటకు గాని మొదట కావలసినది చోటు. అభిరుచి యెవరికి వారికే పుట్టును. చోటు మాత్రము ఒకరు ఇయ్యవలెను. ఆ యిచ్చువాడు ఉచితముగా నిచ్చుట మేలా, వెల పుచ్చుకొని యిచ్చుట మేలా? పూర్వము ఈ ప్రశ్న ఇటుకలతోను సున్నముతోను కట్టిన గదులను గూర్చి పుట్టెడిది. నేడు ఫోనులో కనబడు చోటును గూర్చి పుట్టుచున్నది. ఈ సంచికను చదువు మన కుటుంబములలో ఒక భజన బృందముతోనో, క్రికెట్టు జట్టుతోనో, మహిళామండలితోనో సంబంధము లేని కుటుంబము అరుదు. ఆ బృందములన్నిటికిని ఈ ప్రశ్న నేడో రేపో ఎదురగును గనుక, మా పద్యగోష్ఠి అనుభవమును ఆధారము చేసికొని నాకు తోచిన నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి, జీవితమంతయు గుమాస్తాగిరి చేసి, జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి పొందినవాడను. కావున నా యాలోచన కూడ జమాఖర్చుల మార్గముననే నడచును.

మా గోష్ఠి పుట్టినది ఫాక్‌లాండ్ రోడ్డున. 1848 మొదలు 1853 వరకు బొంబాయి గవర్నరుగా నుండిన ఫాక్‌లాండ్ ప్రభువు పేరు తీసివేసి, లావణీలు కట్టిన మరాఠీ శాహిరు పఠ్ఠే బాపూరావ్ పేరు ఆ వీథికి పెట్టిరి. అయినను మా వాళ్ళ నోట పాత పేరే నిలచినది. దాని ప్రక్కనే కామాఠీపుర. నిజాం రాజ్యమునుండి కట్టడపు పనులకై వచ్చిన తెలుగు కామాఠీల పేరు మీదుగా వెలసిన పేట అది. అచటి వీథులకు పేర్లకంటె అంకెలే ప్రసిద్ధములు: ఒకటవ గల్లీ, రెండవ గల్లీ, ఇట్లు వరుసగా. ఈ పేటకు లోకమున వచ్చిన అపఖ్యాతి అందఱెఱిగినదే. ఆ అపఖ్యాతి నడుమనే మునిసిపల్ తెలుగు బడికి పోయిన పిల్లలును, మిల్లులకు పోయిన తండ్రులును, బీడీలు చుట్టిన తల్లులును ఉండిరని యెఱిగినవారు కొందఱే. ప్లే హౌస్ అను మాట జనుల నోట పడి పీలా హౌస్ అయిన నాటకశాలల పేట కూడ మాకు పది అడుగులే. నాటకపు పిచ్చి మాకు గాలిలోనే అంటినదనవలెను. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకముల పద్యములు, బలిజేపల్లివారి హరిశ్చంద్ర పద్యములు, వేమన శతకము, సుమతీ శతకము, ఇవియే మా గోష్ఠికి ఆస్తి. వీనికి తోడుగా ఒక పాత హార్మోనియము, సభ్యుల పేర్లు వ్రాసిన ఒక పుస్తకము ఉండెడివి.

మొదట మేము కూడిన చోటు ఒక టీ దుకాణపు వెనుకటి గది. ఆదివారము సాయంకాలము ఖాళీ గోనెసంచులు పరచుకొని కూర్చొనెడివారము. దుకాణదారు అద్దె అడుగలేదు. తలకు రెండు కటింగు చాయలు త్రాగినచో చాలును. ఆయన దయ అట్లు తొమ్మిదేండ్లు సాగినది. పదవయేట దుకాణము చేతులు మారెను. ఒక ఆదివారము పోయి చూతుము గదా, ఆ గదికి క్రొత్త తాళము. హార్మోనియము లోపలనే యున్నది. దానిని విడిపించుకొనుటకు మూడు వారములు తిరిగితిమి. పేర్ల పుస్తకము మాత్రము రద్దీ కాగితములతో పోయినది. పూర్వపు దుకాణదారుపై మాకు కోపము లేదు. అద్దె పుచ్చుకొననివాడు ఖాళీ చేయుమని నోటీసు ఇయ్యనక్కఱ లేదు గదా. మరి మేము నిజముగా ఉచితముగా కూర్చొంటిమా యనినచో, అదియు లేదు. తొమ్మిదేండ్లపాటు వారమునకు ముప్పది నలుబది కటింగుల వెల చెల్లించితిమి. వెల చెల్లించియు అద్దెదారులము కాలేకపోతిమి.

పిమ్మట ఒక చాల్‌లో రెండవ అంతస్తున ఒక పెద్దమ్మగారి ఖోలీని ఆదివారములకు నెలకు 60 రూపాయలకు తీసికొంటిమి. ఆమెకు వ్రాతరాదు. అయినను ప్రతి నెల నాచేత రసీదు వ్రాయించి వేలిముద్ర వేసెడిది. ఆ ఖోలీని ఆమె కుమారులు వదలుకొనునపుడు, మూడు నెలల ముందుగా మాకు కబురు చేసెను. ఆ మూడు నెలలలో మేము వేరొక చోటు చూచుకొంటిమి. 60 రూపాయలతో మేము కొనినది గది మాత్రమే కాదు, ఆ మూడు నెలల కబురు కూడ.

చాల్‌లలో పెరిగినవారికి రసీదు విలువ వేఱుగా చెప్పనక్కఱ లేదు. ముంబయిలో పగడీ పద్ధతి కలదు. ఒకసారి పెద్ద మొత్తము ఇచ్చి, పిదప నెలనెలా స్వల్పమైన కిరాయి కట్టుచు తరతరములుగా నివసించు పద్ధతి అది. 1999 నాటి మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టము దానిని అంగీకరించినది. భవనము పడగొట్టి క్రొత్తది కట్టునాడు తాత పేరిటి కిరాయి పావతీ చూపగలిగినవానికి క్రొత్త ఇంటిలో చోటు దొరకును. చూపలేనివాడు కోర్టు చుట్టు తిరుగును. కామాఠీపుర పునర్నిర్మాణమును మహాడా చేపట్టిన ఈ దినములలో ఇనుప పెట్టెల అడుగున దాచిన పావతీలు ప్రతి యింట బయటికి వచ్చుచున్నవి.

ఈ నడుమ మా సభ్యులు చెదరిపోయిరి. 1982 జనవరి 18న మొదలైన మిల్లుల సమ్మెతోనే ఆ చెదరుట ఆరంభమైనదని చెప్పవచ్చును. మిల్లులు మూతపడినవారిలో కొందఱు భివండీకి మగ్గములను వెదకుకొనుచు పోయిరి. పిల్లలు పెరిగిన కుటుంబములు కళ్యాణ్, డోంబివలి, నవీ ముంబయి చేరినవి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చునప్పటికి గల్లీలలో మిగిలినవారము పదిమందిమే. ఆదివారపు గోష్ఠి ఆగిపోయినది. అప్పుడు మా సభ్యుని కుమార్తె, కళ్యాణ్‌లో బ్యాంకు ఉద్యోగము చేయు అమ్మాయి, జూమ్‌లో సభ పెట్టినది. పాతికేండ్లుగా ఒకరి మొగమొకరు చూడని భివండీవారు, ఫాక్‌లాండ్ రోడ్డువారు ఒకే తెరపై కనబడిరి. సభ్యుల సంఖ్య 31కి చేరినది.

అచట పద్యము ఎట్లు పాడితిమో చెప్పవలెను. జూమ్‌లో ఇద్దరు కలిసి పాడలేరు. ఒకరి గొంతు రెండవవారిని చేరుటకు రెప్పపాటు ఆలస్యమగును. తాళము తప్పును. కావున భజనలు సాగలేదు. పద్యము సాగినది. ఏలయన పద్యమునకు తాళపు కట్టు లేదు. ఒకరు రాగము తీయుచుండగా మిగిలినవారు ఊరకుండి వినుటయే మర్యాద. హార్మోనియపు శ్రుతిని ఆ యంత్రము గోల యనుకొని అణచివేసెడిది. ‘ఒరిజినల్ సౌండ్’ అను మీటను ఒత్తిన పిమ్మటనే శ్రుతి వినవచ్చినది. కాని 40 నిమిషములు నిండగానే ఉచిత సభ తనంత తానే మూతపడెడిది. ఒకనాడు మా గోష్ఠిలో పెద్దవాడు, మిల్లులో సాంచాలు నడిపినవాడు, రాయబారపు పద్యమెత్తుకొని రాగము సాగదీయుచుండగా గడువు తీరెను. తెర ఆరిన సంగతి ఎఱుగక ఆయన పద్యమును కడవరకు పాడెనట. వినినది ఆయన భార్య ఒక్కతియే.

మరుసటి ఆదివారము చర్చ పుట్టినది. వెల కట్టినచో గడువు లేదు. పన్నుతో కలిపి ఆనాటి లెక్క నెలకు వెయ్యి రూపాయలు దాటినది. 31 మందికి పంచినచో తలకు సుమారు 40 రూపాయలు. “ఫుకట్ల దొరికేదానికి పైసలెందుకు కట్టాలె? నలభై నిమిషాలకు బందైతె మల్ల లోపలికి రావచ్చు గద” అని ఒకరనిరి. “ఇయ్యాల వెయ్యంటరు, రేపు రెండు వేలంటరు” అని మరియొకరనిరి. కళ్యాణ్ అమ్మాయి నాతో, “కాకా, వాళ్లు నలభై నిమిషాలిచ్చేది మన మీద ప్రేమతోని కాదు. రుచి చూపిస్తున్నరు, అంతే” అనెను. గడువు తీరిన పద్యము పాడిన మా పెద్దవాడే అందరికంటె గట్టిగా వలదనెను. “తమ్మీ, హార్మోనియం బాగుచేయిస్తమంటె రేపే ఇస్త. కంటికి కనబడని చోటుకు కిరాయేంది?” ఈ మాటను నవ్వి త్రోసివేయుటకు వీలులేదు. ఉద్యోగుల పింఛను పథకమున కనీసపు మొత్తమును 2014లో నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించిరి. దానికి కొంచెము ఇటు అటుగా వచ్చువారు మాలో ఏడుగురు కలరు. వారికి 40 రూపాయలు లెక్కింపదగిన మొత్తమే.

వారి వాదములో బలము కలదు. అయినను ఉచితమను మాటను గుమాస్తా కన్నుతో చూడవలసియున్నది. ఖర్చు లేని సేవ లేదు. ఖర్చు వేఱొకరి పద్దులో పడుచున్నదనియే అర్థము. ఆ వేఱొకరు ఎవరు, ఎందుకు భరించుచున్నారు, ఎన్నాళ్ళు భరింతురు అని అడుగవలెను. గూగుల్ మీట్ లాక్‌డౌన్ దినములలో గంటల తరబడి ఉచితముగా నడచి, 2021 నడుమనుండి ముగ్గురికి తక్కువ గాని ఉచిత సభలకు గంట గడువు పెట్టినది. వాట్సాప్ తొలుత ఏడాదికి ఒక డాలరు చందా అడిగెడిది. దానిని ఫేస్‌బుక్‌వారు 2014లో సుమారు 1900 కోట్ల డాలర్లకు కొనిరి. 2016 జనవరిలో ఆ ఒక్క డాలరును కూడ మాన్పిరి. అన్ని కోట్లు పెట్టినవారు ఒక డాలరు మాన్పుట దానధర్మము కాదు గదా.

ఉచితపు చోటు మూతపడినచో ఏమగునో మన తెలుగువారికే అనుభవములో నున్నది. యాహూ గుంపులలో ‘రచ్చబండ’ అను తెలుగు చర్చావేదిక పెక్కేండ్లు సాగెను. దేశదేశములందలి తెలుగువారు సాహిత్యమును, భాషను గూర్చి అచట వాదించుకొనిరి. వేదిక వారిది, క్రింది నేల యాహూది. యాహూవారు 2019 చివర గుంపులలో దాచిన ఉత్తరములను తొలగింప మొదలిడి, 2020 డిసెంబరు 15న ఆ సేవను పూర్తిగా ఎత్తివేసిరి. ఆ సేవ రచ్చబండవారికొక్కరికే కాదు. లోకములో తోటపనివారికి, నాణెములు కూర్చువారికి, వంశవృక్షములు వెదకువారికి, ఇట్టి లక్షల గుంపులకు ఆశ్రయము. టీ దుకాణపు తాళము అచటను పడినది.

అట్లయిన వెల కట్టుటయే పరిష్కారమా? తొందరపడి అవుననకూడదు. అమెరికాలో మీటప్ అను సంస్థ కలదు. ఊరిలోని సమానాభిరుచి గలవారిని ఒకచోట చేర్చుటకు న్యూయార్క్‌లో 2002లో దానిని స్థాపించిరి. మొదట ఉచితము. 2005లో గుంపు నడుపువారు నెలకు 19 డాలర్లు కట్టవలెనని నియమము పెట్టిరి. పెక్కు గుంపులు కోపించి విడిచిపోయినవి. కట్టి నిలిచిన గుంపులతోనే ఆ సంస్థ మరల వృద్ధి పొందినది. అంతవరకు వెల కట్టినవారి పక్షమే గెలిచినట్లు తోచును. కాని పిదప 2017లో దానిని వీవర్క్ సంస్థ కొనెను. 2019లో, సభకు వచ్చెదనను ప్రతివానివద్ద రెండు డాలర్లు పుచ్చుకొను పద్ధతిని పరీక్షింపగా పెద్ద నిరసన చెలరేగి దానిని వదలుకొనిరి. 2020లో అది మరల చేతులు మారెను. 2024 జనవరిలో ఇటలీ దేశపు బెండింగ్ స్పూన్స్ సంస్థ దానిని తీసికొనెను. నెలనెలా వెల కట్టిన గుంపులవారిని ఈ అమ్మకములలో సమ్మతి అడిగినవారు లేరు. కనుక అద్దె కట్టినంత మాత్రమున ఇల్లు మనది కాదు. పగడీ చాల్‌లో నయినను తాత పావతీకి చట్టము అండగా నిలుచును. ఫోనులోని చోటునకు అట్టి చట్టము లేదు. అచటి రసీదు ఈ నెల కూర్చొనుటకే, మరుతరమునకు కాదు.

సొంత చోటు కావలెననినచో మన పూర్వులు ఏమి చేసిరి? 1873లో పూణేలో జోతీరావు ఫూలే సత్యశోధక సమాజమును స్థాపించినపుడు, ముంబయి తెలుగు కామాఠీ గుత్తేదారులు ఆయనకు అండగా నిలచిరి. జయా కరాడీ లింగు, వెంకూ బాళోజీ కాలెవార్ ఆ కోవలోనివారు. వారును వారి మిత్రులును సమాజమునకు ముద్రణ యంత్రమును కొనియిచ్చిరి. ఊళ్ళో అచ్చుకూటములు లేకపోలేదు. ఒకరి అచ్చుకూటమున అచ్చువేయించినచో ఒకరి దయకు లోబడవలెనని వారెఱిగిరి. రాళ్ళు మోసి, గోడలు కట్టి సంపాదించిన ధనముతో పరుల దయ అక్కఱలేని సాధనమును కొనిరి. మా 31 మందికి జూమ్‌ను కొను శక్తి లేదు. కాని వారి ఆలోచనలోని సారమును గ్రహింప వచ్చును: ఏది అద్దెకు తీసికొనవచ్చును, ఏది తప్పక సొంతముగా నుండవలెను అని వేఱుచేసి చూచుట.

మాకు చోటు అద్దెకు చాలును. పేర్ల పుస్తకము, పద్యముల ప్రతి, గొంతుల రికార్డులు సొంతముగా నుండవలెను. ఈ విభాగము చేసికొనిన పిమ్మట మా చర్చ సుళువైనది. 2022లో సభ్యుల అభిప్రాయము తీసికొంటిమి. 19 మంది కట్టుదమనిరి, 8 మంది వలదనిరి, నలుగురు ఊరకుండిరి. మేము పెట్టుకొనిన నియమములు ఇవి. కబుర్లకు, తేదీలకు ఉచితమైన వాట్సాప్ చాలును. వెల కట్టుట పద్యము పాడు సభకు మాత్రమే. వెల ఒక వ్యక్తి కార్డుపై శాశ్వతముగా నుండరాదు. రిజర్వు బ్యాంకు నియమము వలన 2021 అక్టోబరు 1 మొదలుకొని, తనంత తాను చెల్లుపడు మొత్తమునకు 24 గంటల ముందు కార్డుదారునకు సందేశము రావలెను. మంచిదే, కాని ఆ సందేశము కార్డుదారునికే వచ్చును గాని గోష్ఠికి రాదు. అందుచేత ఏడాదికొకసారి లెక్క చూచి, మరల సమ్మతి తీసికొనిన పిదపనే చెల్లింపు. సభ్యుల పేర్లు, ఫోను అంకెలు ఒక పుస్తకమున సిరాతో వ్రాసి ఇద్దరి యిండ్లలో రెండు ప్రతులు ఉంచవలెను. తాళము పడిననాడు తలుపు పోయినను మనుష్యులు పోరు.

చిక్కు మిగిలినది ఆ ఏడుగురి విషయమున. వారిని చందానుండి తప్పింతుమని కొందఱు ఉదారముగా చెప్పిరి. మా పెద్దవాడు, “ధర్మానికి పాడ తమ్మీ, రాను” అని ఫోను పెట్టివేసెను. ఆ మాటతో నాకు రెండు రాత్రులు నిదుర లేదు. చందా మినహాయింపు చేతులారా ఒకనిని గోష్ఠిలో అతిథిని చేయును. అతిథికి భోజనము దొరకును, లెక్క అడుగు హక్కు దొరకదు. అందుకు మేము కనుగొనిన ఉపాయము గుమాస్తా శాస్త్రమునకు విరుద్ధము. చందా పుస్తకమున పేరు వ్రాయుదుము, మొత్తము వ్రాయము. నెల మొత్తము మాత్రము జమాలో చూపుదుము. ఎవరెంత ఇచ్చిరో కోశాధికారి ఒక్కతెకే తెలియును. ఆమె కళ్యాణ్ అమ్మాయియే. పూర్వము నా పై అధికారులెవరైన ఇట్టి పద్దు చూచినచో పుస్తకము విసరివేసియుందురు. కాని ఆఫీసు లెక్క మొత్తము నిలుచుటకు, గోష్ఠి లెక్క మనుష్యులు నిలుచుటకు.

పెద్దవాడు మరల వచ్చెను. ఆయనకు యూపీఐ రాదు. మనుమని చేతికి కాగితపు పొట్లములో నెలనెలా ఏమో ఇచ్చి పంపును. సంవత్సరాంతపు సభలో మొదట లెక్క చెప్పుమని అడుగువాడు ఆయనయే. పన్ను ఎంత, చెల్లించిన తేది ఏది, వచ్చే యేడు వెల పెరుగునా అని అడిగి, నేను చదివినదంతయు విని, పిదప పద్యమెత్తుకొనును. ఆ పద్యము ఇప్పుడు కడవరకు 30 మందికి వినబడుచున్నది.

సోదరులారా, సోదరీమణులారా, మన పిల్లలు ఇంకను దూరము పోవుదురు. పాత భవనములు పడగొట్టినపుడు పొరుగువారు కూడ చెదరుదురు. తెలుగువారము కలిసికొను చోటు రానురాను ఫోనులోనే మిగులునేమో. ఆ చోటునకు వెల కట్టవలసివచ్చినపుడు, వెల ఎక్కువా తక్కువా అని మాత్రమే విచారింపకుడు. ఎవరి పేరిట కట్టుచున్నాము, పేర్ల పుస్తకము ఎవరి యింట నున్నది, తక్కువ యిచ్చువాడు తలయెత్తి లెక్క అడుగగలడా అని కూడ విచారింపుడు. ఈ మూడింటికి తృప్తికరమైన జవాబున్న గోష్ఠి ఏ చోటున కూర్చొనినను నిలుచును.